ఎస్.వి.రంగారావు

సామర్ల వెంకట రంగారావు (జూలై 3, 1918 - జూలై 18, 1974) ఎస్.వి.రంగారావుగా, ఎస్వీఆర్‌గా సుప్రసిద్ధుడైన తెలుగు సినిమా నటుడు, దర్శకుడు, నిర్మాత, కథా రచయిత. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు, మాయాబజార్‌లో ఘటోత్కచుడు, నర్తనశాలలో కీచకుడు, భక్త ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు ఆయన పేరు వినగానే గుర్తుకు వచ్చే పాత్రలు. తెలుగుతో పాటు తమిళంలోనూ అదే స్థాయిలో పేరు పొందాడు. కన్నడ, మలయాళ, హిందీ చిత్రాలలో కూడా నటించాడు.

రంగారావు తన సినీ జీవితంలో అధిక భాగం కథానాయకుడు కాడు. ప్రతినాయకుడిగా, తండ్రిగా, జమీందారుగా, రాక్షసుడిగా, రాజుగా కథానాయకుని పక్కనో ఎదురుగానో నిలిచే పాత్రలనే ఎక్కువగా ధరించాడు. అయినప్పటికీ పలు చిత్రాలు ఆయన ధరించిన పాత్ర పేరుతోనే జనం నోళ్ళలో నిలిచాయి. భారీ విగ్రహం, గంభీరమైన కంఠం గల నటుడు క్రూర పాత్రలకే పరిమితం కావడం సాధారణం. రంగారావు ఆ పరిమితిని అంగీకరించక, భయం గొలిపే పాత్రలతో సమానంగా కన్నీరు పెట్టించే పాత్రలను, నవ్వించే పాత్రలను పోషించి క్యారెక్టర్ నటునికి తెలుగు చిత్రసీమలో ఒక గౌరవస్థానాన్ని సంపాదించి పెట్టాడు.

బాల్యం, విద్యాభ్యాసం

రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో (2022 నుండి ఏలూరు జిల్లా) జన్మించాడు. తల్లి లక్ష్మీనరసాయమ్మ, తండ్రి కోటేశ్వరరావు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి కావడం వలన తరచు బదిలీలు జరిగేవి. అందువలన రంగారావు బాల్యం చాలావరకు నాయనమ్మ గంగారత్నం వద్ద గడిచింది. ఆమెతో పాటు మద్రాసులో ఉంటూ అక్కడి హిందూ హైస్కూలులో చదువుకున్నాడు. పాఠశాలలో ఉన్నప్పుడే నాటకాలలో వేషాలు వేయడం ప్రారంభించాడు.

తరువాత ఏలూరులోను, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలోను, కాకినాడ పి.ఆర్. కళాశాలలోను విద్యాభ్యాసం సాగింది. బి.ఎస్‌సి. పట్టభద్రుడయ్యాడు. ఆనాటి మధ్యతరగతి కుటుంబాలలో పట్టభద్రుడైన యువకుడు ప్రభుత్వోద్యోగంలో స్థిరపడాలని పెద్దలు కోరుకునేవారు. నాటకాల మోజు చదువును పాడుచేస్తుందన్న అభిప్రాయం బలంగా ఉండేది. రంగారావు చదువును, నటనను రెండింటినీ విడువకుండా కొనసాగించాడు.

నాటక రంగం, ఉద్యోగం

కాకినాడలో చదివే రోజులలో ఆ పట్టణంలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటక సంస్థతో రంగారావుకు సంబంధం ఏర్పడింది. అనంతర కాలంలో సినిమా రంగంలో ప్రసిద్ధులైన అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు, హాస్యనటుడు రేలంగి కూడా ఈ సంస్థతో పరిచయం కలవారే. తెలుగు నాటకాలతో పాటు షేక్స్‌పియర్ నాటకాలలోని ఘట్టాలను ఆంగ్లంలో ప్రదర్శించడం కూడా ఆయనకు అలవాటు. సంభాషణలో ఏ మాటను ఎక్కడ ఆపాలి, ఏ మాటను ఎంత బరువుతో పలకాలి అన్న జ్ఞానం ఆయనకు రంగస్థలం మీదనే అలవడింది.

చదువు ముగిసిన తరువాత అగ్నిమాపక శాఖలో ఉద్యోగం లభించింది. బందరులోను, విజయనగరంలోను ఫైర్ ఆఫీసరుగా పనిచేశాడు. అయితే ఆ ఉద్యోగంలో నాటకాలకు తీరిక చిక్కేది కాదు. నటనకు దూరం కావడం ఇష్టం లేక కొంతకాలానికి ఆ ఉద్యోగాన్ని వదులుకున్నాడు.

తొలి చిత్రం, నిరాశ

రంగారావుకు బంధువైన బి.వి.రామానందం వరూధిని చిత్రాన్ని తీస్తూ ఆయనకు ప్రవరాఖ్యుని పాత్రను ఇచ్చాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని సుప్రసిద్ధమైన కథ ఇది. ఆ విధంగా సినిమాలో ఆయన మొదటి వేషం కథానాయకుని వేషమే. 1947లో విడుదలైన ఈ చిత్రం విజయవంతం కాలేదు. దాని పరాజయంతో రంగారావుకు వేరే అవకాశాలు రాలేదు.

సినిమా మీద ఆశ వదులుకుని ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరాడు. 1947 డిసెంబరు 27న లీలావతితో వివాహం జరిగింది. జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారు ఏర్పాటు చేసుకున్న నాటక ప్రదర్శనలలో పాల్గొంటూ నటనాభిలాషను తీర్చుకునేవాడు. నెల జీతం వచ్చే ఉద్యోగం, కొత్త సంసారం, తీరిక వేళల్లో నాటకం అన్న రీతిలో ఆయన జీవితం స్థిరపడినట్లే కనిపించింది.

మద్రాసుకు పునరాగమనం

దర్శకుడు బి.ఏ.సుబ్బారావు పల్లెటూరి పిల్ల చిత్రంలో ప్రతినాయక పాత్ర కోసం పిలిచినప్పుడు రంగారావు ఉద్యోగం వదలి మద్రాసు చేరుకున్నాడు. సరిగ్గా ఆ సమయంలోనే తండ్రి మరణించిన వార్త అందింది. కర్మకాండలు పూర్తి చేసుకుని తిరిగి వచ్చేసరికి ఆలస్యమై, ఆ పాత్ర ఏ.వి.సుబ్బారావుకు వెళ్ళిపోయింది. చేతిలో ఉన్న ఉద్యోగం పోయింది, వచ్చిన వేషమూ పోయింది. రంగారావు మాత్రం తిరిగి వెళ్ళలేదు. అదే చిత్రంలో ఒక చిన్న పాత్రకు అంగీకరించి మద్రాసులోనే నిలిచిపోయాడు. మనదేశం (1949), తిరుగుబాటు (1950) చిత్రాలలో కూడా చిన్న వేషాలే లభించాయి.

ఈ దశలో ఆయనను గుర్తించినవారు విజయా సంస్థ అధినేతలైన నాగిరెడ్డి, చక్రపాణి. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వారు తీసిన తొలి చిత్రం షావుకారు (1950)లో సున్నం రంగడు అనే పల్లెటూరి రౌడీ పాత్రను రంగారావుకు ఇచ్చారు. ఎన్.టి.రామారావు, జానకి నాయికా నాయకులుగాను, గోవిందరాజుల సుబ్బారావు షావుకారు చెంగయ్యగాను నటించిన ఈ చిత్రంలో రంగడు ప్రధాన పాత్ర కాదు. అయినా ఆ పాత్ర నడక, మాట తీరు, చూపు సహజంగా ఉండడంతో ప్రేక్షకుల దృష్టి రంగారావు మీద పడింది.

పాతాళభైరవి

విజయా వారి రెండవ చిత్రం పాతాళభైరవి (1951) రంగారావు జీవితాన్ని మలుపు తిప్పింది. కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ఈ జానపద చిత్రానికి పింగళి నాగేంద్రరావు రచయిత. ఉజ్జయిని రాజకుమారిని ప్రేమించిన తోటరాముడిగా ఎన్.టి.రామారావు, అతనిని పాతాళభైరవికి బలి ఇచ్చి కోరిన కోర్కెలు తీర్చే ప్రతిమను సాధించాలని ప్రయత్నించే నేపాళ మాంత్రికుడిగా రంగారావు నటించారు. మాంత్రికుని శిష్యుడు సదాజపుడిగా పద్మనాభం నటించాడు.

తెలుగు తెరమీద మాంత్రికుని పాత్ర అప్పటికి కొత్తది కాదు. 1942లో జెమిని వారి బాలనాగమ్మలో గోవిందరాజుల సుబ్బారావు ధరించిన మాయల మరాఠీ పాత్రను జనం ఇంకా మరచిపోలేదు. ఆ పోలికకు లోబడకుండా రంగారావు తన మాంత్రికుని వేరుగా రూపొందించుకున్నాడు. పొడవైన గడ్డం, కొనదేరిన ముక్కు, తీక్షణమైన కళ్ళు, సాగదీసి పలికే సంభాషణ, తోటరాముని డింభకా అని పిలిచే ధోరణి ఆ పాత్రకు ప్రత్యేకతను తెచ్చిపెట్టాయి. మాంత్రికుడు అరిచి భయపెట్టడు. ఆప్యాయంగా మాట్లాడుతూ, యువకుని ధైర్యాన్ని పొగుడుతూ బలిపీఠం దాకా నడిపిస్తాడు. ప్రేక్షకులకు అతని దుర్బుద్ధి తెలిసినా ఆ మాటల ఆకర్షణ తగ్గదు. డింభకుడు అన్న మాట నేటికీ తెలుగువారి హాస్యసంభాషణలో వినిపించడానికి ఈ చిత్రమే కారణం.

పాతాళభైరవి ఘనవిజయం సాధించి, తమిళంలో కూడా విడుదలైంది. 1952లో జరిగిన భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఈ చిత్రం రామారావును జానపద కథానాయకుడిగా ఎలా నిలబెట్టిందో, రంగారావును అగ్రశ్రేణి క్యారెక్టర్ నటుడిగా అలాగే నిలబెట్టింది.

సాంఘిక చిత్రాలు

మాంత్రికుని పాత్ర విజయం వెనుక ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. అటువంటి విజయం తరువాత ఏ నటుడికైనా మళ్ళీ మళ్ళీ మాంత్రికుని వేషాలే రావడం పరిపాటి. రంగారావు మరుసటి సంవత్సరమే విజయా వారి పెళ్ళిచేసి చూడు (1952)లో ధూపాటి వియ్యన్న అనే హాస్యప్రధానమైన జమీందారు పాత్రను ధరించాడు. భయపెట్టిన నటుడే నవ్వించగలడని ఆ పాత్ర నిరూపించింది.

బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో 1955లో విడుదలైన బంగారుపాప రంగారావు సాంఘిక పాత్రలన్నింటిలో ఉత్తమమైనదిగా విమర్శకులు పరిగణిస్తారు. ఆంగ్ల రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల సైలస్ మార్నర్ ఆధారంగా పాలగుమ్మి పద్మరాజు ఈ కథను తెలుగు వాతావరణానికి అనువుగా మలిచాడు. మోటువాడైన కోటయ్యకు ఒక అనాథ పసిపాప దొరకడం, ఆ పాపను పెంచే క్రమంలో అతని మనసు కరగడం ఇందులోని ఇతివృత్తం. లోకం మీద ద్వేషంతో కరుడుగట్టిన మనిషి క్రమక్రమంగా తండ్రిగా మారే తీరును రంగారావు సంభాషణల కంటే ముఖకవళికలతోనే ఎక్కువగా చూపించాడు. ఈ చిత్రానికి జాతీయ స్థాయిలో పురస్కారం లభించింది.

అదే సంవత్సరం వచ్చిన మిస్సమ్మలో అప్పాపురం జమీందారు గోపాలం పాత్ర ఇందుకు పూర్తిగా భిన్నమైనది. చిన్ననాడు తప్పిపోయిన పెద్దకూతురి కోసం బెంగపెట్టుకుని, ఆమె పేర బడి నడిపే ఈ జమీందారు పరమ సాధువు. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తూ వచ్చిన ఉపాధ్యాయ జంట కలహాలను చూసి ఆందోళన పడుతూ, వారిని సొంత బిడ్డలవలె ఆదరిస్తాడు. చివరకు ఆ ఉపాధ్యాయినియే తన కూతురని తెలుస్తుంది. హాస్యచిత్రానికి అవసరమైన తేలికదనాన్ని, కూతురిని పోగొట్టుకున్న తండ్రి దిగులును రంగారావు ఒకదానికొకటి అడ్డు రాకుండా పోషించాడు. సంతానం (1955)లో బిడ్డలకు దూరమైన తండ్రిగా, తోడికోడళ్ళు (1957)లో ఉమ్మడి కుటుంబపు పెద్దగా నటించాడు.

ఈ తండ్రి పాత్రల విషయంలో నటుల వయస్సులను గమనించదగును. మిస్సమ్మ విడుదలయ్యే నాటికి రంగారావు వయస్సు 36 సంవత్సరాలు. గుండమ్మ కథ (1962)లో ఆయన ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరికీ తండ్రిగా నటించాడు. నిజానికి రామారావు ఆయన కంటే కేవలం ఐదేళ్ళు చిన్న. కథానాయకుని వేషాలకు తగిన వయస్సులోనే రంగారావు నెరిసిన జుట్టు పెట్టుకుని పెద్దల పాత్రలకు మారాడు. ప్రేక్షకులు ఆ తేడాను గుర్తించకపోవడమే ఆయన ప్రతిభకు నిదర్శనం. గుండమ్మ కథలో సూర్యకాంతం గయ్యాళితనాన్ని ఎదిరించకుండానే తన పథకం నెరవేర్చుకునే పెద్దమనిషిగా ఆయన నటన నేటికీ ప్రేక్షకులను అలరిస్తుంది.

మాయాబజార్

కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. మహాభారత పాత్రలతో అల్లిన ఈ కల్పిత కథలో పాండవులు తెరమీద కనిపించరు. బలరాముని కుమార్తె శశిరేఖ, అర్జునుని కుమారుడు అభిమన్యుల వివాహాన్ని జరిపించే భారం కృష్ణుని మీదను, హిడింబ కుమారుడైన ఘటోత్కచుని మీదను పడుతుంది.

ఘటోత్కచుడు కథ కొంత నడిచిన తరువాత గాని ప్రవేశించడు. అడవిలో తన ఆశ్రమ ప్రాంతంలోకి వచ్చిన అభిమన్యుని ఎవరో తెలియక ఎదిరిస్తాడు. వారు తన బంధువులని తెలిసిన మరుక్షణం ఆ భీకరత్వమంతా పోయి, సుభద్ర ముందు తప్పు చేసిన పిల్లవాడిలా మారిపోతాడు. రాక్షసుని బలాన్ని, కుటుంబం పట్ల మమకారాన్ని ఒకే దృశ్యంలో చూపిన ఈ ఘట్టం పాత్ర మొత్తానికి పునాది. రమణారెడ్డి పోషించిన చినమయ, ఆయన శిష్యులు లంబు, జంబులతో కూడిన సన్నివేశాలలోను, పింగళి సృష్టించిన వింత పదాల సంభాషణలలోను రంగారావు హాస్యాన్ని రాజసం తగ్గకుండా పలికించాడు.

పెళ్ళివారి కోసం వండిన భోజనాన్ని ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఘట్టం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనానికి, మాధవపెద్ది సత్యం గాత్రానికి, రంగారావు అభినయానికి సమాన కీర్తి తెచ్చింది. మాధవపెద్ది సత్యం కంఠం రంగారావు కంఠంతో కలిసిపోయేది. అందువలన ఆయన పాత్రలకు పద్యాలు, పాటలు తరచుగా సత్యమే పాడేవాడు.

ఈ చిత్రంలో మరొక విశేషం ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి కౌరవుల విడిదిలో చేరుతాడు. ఆ భాగమంతా శశిరేఖ వేషధారి సావిత్రి, రంగారావు నడకను, చూపును, హావభావాలను అనుకరిస్తూ నటించింది. సుకుమారమైన ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడేనని ప్రేక్షకులు వెంటనే పోల్చుకుంటారు. ఒక నటుని శైలి ఎంత స్పష్టమైన గుర్తుగా మారిందో తెలుపడానికి ఇది చక్కని ఉదాహరణ. మాయాబజార్ 2010లో రంగులలోకి మార్చబడి తిరిగి విడుదలైనప్పుడు కొత్త తరం ప్రేక్షకులు కూడా ఆదరించారు.

పౌరాణిక, చారిత్రక పాత్రలు

రంగారావు ధరించిన పౌరాణిక ప్రతినాయక పాత్రల సంఖ్య చాలా ఎక్కువ. శ్రీకృష్ణలీలలు (1959)లో కంసుడు, దీపావళి (1960)లో నరకాసురుడు, ఉషాపరిణయం (1961)లో బాణాసురుడు, పాండవ వనవాసం (1965)లో దుర్యోధనుడు, మోహినీ భస్మాసుర (1966)లో భస్మాసురుడు, సంపూర్ణ రామాయణం (1971)లో రావణుడు వాటిలో ముఖ్యమైనవి. 1959లో వచ్చిన బాలనాగమ్మలో మాయల మరాఠీ పాత్రను కూడా ధరించాడు.

ఈ పాత్రలను ఆయన ఒకే మూసలో పోషించలేదు. కంసునిలో ప్రాణభయాన్ని, దుర్యోధనునిలో అభిమానాన్ని, రావణునిలో పాండిత్య గర్వాన్ని ప్రధానం చేశాడు. హరిశ్చంద్ర (1956)లో సత్యవ్రతుడైన హరిశ్చంద్రునిగా, సతీ సావిత్రి (1957)లో యమునిగా నటించడం ఆయన పరిధి ఎంత విశాలమో తెలుపుతుంది. చారిత్రక పాత్రలలో అనార్కలి (1955)లోని అక్బరు, బొబ్బిలి యుద్ధం (1964)లోని తాండ్ర పాపారాయుడు పేర్కొనదగినవి.

నర్తనశాల

సి.లక్ష్మీరాజ్యం, శ్రీధరరావు దంపతులు నిర్మించగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన నర్తనశాల 1963లో విడుదలైంది. మహాభారతంలోని విరాటపర్వం ఈ చిత్రానికి ఆధారం. బృహన్నలగా ఎన్.టి.రామారావు, ద్రౌపదిగా సావిత్రి, భీమునిగా దండమూడి రాజగోపాల్ నటించారు. విరటుని బావమరిది, ఆ రాజ్యానికి అండ అయిన కీచకుని పాత్ర రంగారావుది.

కీచకుడు కథ ముగింపు దాకా ఉండే పాత్ర కాదు. సైరంధ్రి మీద మోహంతో భీముని చేతిలో మరణించే వరకే అతని కథ. అయితే చిత్రానికి పేరు తెచ్చిన నర్తనశాలలోనే అతని వధ జరుగుతుంది. కామాంధుడైన వీరుని పాత్రను అసభ్యత లేకుండా, అదే సమయంలో సైరంధ్రికి ఎదురైన ఆపదను తక్కువ చేయకుండా నటించడం కష్టసాధ్యం. రంగారావు కీచకుని అధికార దర్పాన్ని నడకలోను, మోహాన్ని చూపులోను నింపాడు. తాను కోరినది దొరకకపోవడం అనే అనుభవమే ఎరుగని మనిషిగా ఆ పాత్రను మలిచాడు. అందువలననే సైరంధ్రి తిరస్కారం అతనికి అర్థం కాదు. ఆ అర్థం కాకపోవడమే ప్రేక్షకులకు భయం కలిగిస్తుంది.

1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఈ పాత్రకు గాను రంగారావు ఉత్తమ నటునిగా ఎంపికయ్యాడు. అదే ఉత్సవంలో కళా దర్శకుడు టి.వి.ఎస్.శర్మకు కూడా పురస్కారం లభించింది. కథానాయకుడు కాని, కథ మధ్యలోనే మరణించే ప్రతినాయకుని పాత్రకు ఉత్తమ నటుని గౌరవం దక్కడం విశేషం.

భక్త ప్రహ్లాద

1958లో వచ్చిన చెంచులక్ష్మిలో హిరణ్యకశిపునిగా నటించిన రంగారావు, ఏ.వి.ఎం. సంస్థ రంగులలో నిర్మించిన భక్త ప్రహ్లాద (1967)లో అదే పాత్రను మరింత విస్తృతంగా పోషించాడు. బాలనటి రోజారమణి ప్రహ్లాదునిగా, అంజలీదేవి లీలావతిగా నటించారు. విష్ణుద్వేషంతో రగిలిపోయే చక్రవర్తి, కుమారుని మీద ప్రేమను చంపుకోలేని తండ్రి ఇద్దరూ ఈ పాత్రలో ఉన్నారు. ప్రహ్లాదుని శిక్షించమని ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఆ తండ్రి పడే వేదనను కూడా రంగారావు చూపించడం వలన హిరణ్యకశిపుడు కేవలం రాక్షసునిగా మిగిలిపోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన వేరువేరుగా పోషిస్తూ వచ్చిన రాక్షస పాత్రలు, తండ్రి పాత్రలు ఈ ఒక్క పాత్రలో కలిశాయి.

నటనా శైలి

రంగస్థలం నుండి వచ్చిన నటులలో చాలామంది తొలినాళ్ళలో సినిమాలో కూడా గొంతెత్తి మాట్లాడేవారు. రంగారావు సినిమాకు తగినట్లు స్వరాన్ని తగ్గించి, మాటల మధ్య విరామాన్ని సాధనంగా చేసుకున్నాడు. పౌరాణికాలలో గంభీరంగా, సాంఘికాలలో ఇంట్లో మాట్లాడుకునే ధోరణిలో సంభాషణలు పలికేవాడు. చేతిలోని గద, కర్ర, ఉత్తరీయం వంటి వస్తువులను పాత్రకు తగినట్లు ఉపయోగించడం, ఒకే చూపుతో ఎదుటివారిని కొలవడం, ఎదుటి నటుడు మాట్లాడుతున్నప్పుడు కూడా పాత్రను విడువకపోవడం ఆయన నటనలో గమనించదగిన అంశాలు. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి వంటి ప్రముఖులతో సమానంగా నిలబడి నటించినప్పటికీ వారి పాత్రలను కప్పివేయాలని ప్రయత్నించేవాడు కాదు.

ఇతర భాషా చిత్రాలు

రంగారావు విద్యార్థి దశలో మద్రాసులో గడపడం తమిళ చిత్రాలలో నటించడానికి ఉపకరించింది. పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్ చిత్రాల తమిళ రూపాలలో తన పాత్రలను తానే ధరించాడు. భీమ్‌సింగ్ దర్శకత్వంలో శివాజీ గణేశన్ నటించిన పడిక్కాద మేదై (1960)లో కుటుంబ పెద్దగా ఆయన నటన తమిళ ప్రేక్షకులను ఎంతగానో ఆకట్టుకుంది. ఆ చిత్రాన్ని తెలుగులో ఆత్మబంధువు (1962)గా తీసినప్పుడు కూడా ఆ పాత్రను ఆయనే ధరించాడు.

నానుం ఒరు పెణ్ (1963) మరొక ముఖ్యమైన తమిళ చిత్రం. నల్లని రంగు కారణంగా అవమానాల పాలైన కోడలి కథ ఇది. రంగారావు ఇందులో మామగారి పాత్ర ధరించాడు. దీని హిందీ రూపమైన మై భీ లడ్కీ హూఁ (1964)లోను, తెలుగు రూపమైన నాదీ ఆడజన్మే (1965)లోను ఆయన నటించాడు. తెలుగు చిత్ర నిర్మాణంలో కూడా పాలుపంచుకున్నాడు.

దర్శకుడు, కథా రచయిత

నటునిగా తీరిక లేకుండా ఉన్న కాలంలోనే రంగారావు దర్శకత్వం చేపట్టాడు. స్వీయ దర్శకత్వంలో చదరంగం (1967), బాంధవ్యాలు (1968) చిత్రాలను రూపొందించాడు. రెండూ కుటుంబ జీవితానికి సంబంధించిన ఇతివృత్తాలే. చదరంగం ద్వితీయ ఉత్తమ చిత్రంగా, బాంధవ్యాలు ఉత్తమ చిత్రంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నంది పురస్కారాలు పొందాయి. భారీ పౌరాణిక పాత్రలతో పేరు పొందిన నటుడు దర్శకునిగా అటువంటి కథలను కాక అన్నదమ్ముల అనుబంధాలను, ఇంటి సమస్యలను ఎన్నుకోవడం ఆయన అభిరుచిని తెలుపుతుంది. రంగారావు కథలు కూడా వ్రాశాడు. అవి ఆనాటి తెలుగు పత్రికలలో ప్రచురితమయ్యాయి.

వ్యక్తిగత జీవితం

రంగారావు, లీలావతి దంపతులకు ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు. మద్రాసులో స్థిరపడ్డారు. రంగారావుకు వేట మీద ఆసక్తి ఉండేది. పెంపుడు కుక్కలంటే చాలా ఇష్టం.

చివరి సంవత్సరాలు

1970ల ప్రారంభంలో కొత్త తరం దర్శకులు కూడా రంగారావు కోసం పాత్రలు సృష్టించారు. దాసరి నారాయణరావు తన తొలి చిత్రమైన తాత మనవడులోను, తరువాత సంసారం సాగరం (1973)లోను ఆయనకు ప్రధానమైన పాత్రలు ఇచ్చాడు. తాత మనవడులో రంగారావు, హాస్యనటుడు రాజబాబు ముఖ్యపాత్రధారులు. అందాల కథానాయకుడు లేకుండా ఒక వృద్ధుని, ఒక హాస్యనటుని నమ్ముకుని తీసిన ఈ చిత్రం విజయం సాధించింది.

1974 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఉండగా రంగారావుకు గుండెపోటు వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స పొంది కోలుకున్నాడు. షూటింగులకు దూరంగా ఉండి విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు సూచించారు. జూలై 18న మద్రాసులో మరల గుండెపోటు రాగా చికిత్స అందేలోపే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు. కంసునిగా ఆయన నటించిన యశోదకృష్ణ మరణానంతరం 1975లో విడుదలైంది.

గుర్తింపు, స్మరణ

విశ్వనటచక్రవర్తి, నటసార్వభౌమ, నటసింహ, నటశేఖర మొదలైన బిరుదులతో ప్రజలు రంగారావును గౌరవించారు. అయితే ప్రభుత్వ పరమైన పద్మ పురస్కారాలేవీ ఆయనకు లభించలేదు. ఆయన సమకాలికులలో చిత్తూరు నాగయ్యకు 1965లో, ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావులకు 1968లో, రేలంగికి 1970లో పద్మశ్రీ లభించింది. అంతర్జాతీయ ఉత్సవంలో ఉత్తమ నటునిగా ఎంపికైన రంగారావు పేరు ఆ వరుసలో లేకపోవడం ఆయన అభిమానులకు తీరని కొరతగా మిగిలింది.

భారతీయ సినిమా శతజయంతి సందర్భంగా 2013లో భారత తపాలా శాఖ విడుదల చేసిన తపాలా బిళ్ళలలో రంగారావు స్మారక బిళ్ళ ఒకటి. 2019లో తాడేపల్లిగూడెంలో ఏర్పాటు చేసిన ఆయన కాంస్య విగ్రహాన్ని నటుడు చిరంజీవి ఆవిష్కరించాడు. కైకాల సత్యనారాయణ వంటి తరువాతి నటులు ఘటోత్కచుడు మొదలైన పాత్రలు ధరించినప్పుడు రంగారావు నటనతో పోలిక తప్పలేదు. తెలుగు సినిమాలో రాక్షసుడు, మాంత్రికుడు, ఇంటి పెద్ద అన్న మూడు పాత్రలకు ఒకే నటుడు కొలమానంగా నిలవడం రంగారావు విషయంలోనే జరిగింది.

నటించిన కొన్ని ముఖ్య చిత్రాలు

* వరూధిని (1947) - ప్రవరాఖ్యుడు
* షావుకారు (1950) - సున్నం రంగడు
* పాతాళభైరవి (1951) - నేపాళ మాంత్రికుడు
* పెళ్ళిచేసి చూడు (1952) - ధూపాటి వియ్యన్న
* బంగారుపాప (1955) - కోటయ్య
* మిస్సమ్మ (1955) - జమీందారు గోపాలం
* అనార్కలి (1955) - అక్బరు
* హరిశ్చంద్ర (1956) - హరిశ్చంద్రుడు
* మాయాబజార్ (1957) - ఘటోత్కచుడు
* బాలనాగమ్మ (1959) - మాయల మరాఠీ
* దీపావళి (1960) - నరకాసురుడు
* గుండమ్మ కథ (1962) - కథానాయకుల తండ్రి
* నర్తనశాల (1963) - కీచకుడు
* బొబ్బిలి యుద్ధం (1964) - తాండ్ర పాపారాయుడు
* పాండవ వనవాసం (1965) - దుర్యోధనుడు
* భక్త ప్రహ్లాద (1967) - హిరణ్యకశిపుడు
* సంపూర్ణ రామాయణం (1971) - రావణుడు
* యశోదకృష్ణ (1975) - కంసుడు